శిల్పమునకు వర్ణము దోషమా?
రామప్ప గుడి నల్లరాతి బొమ్మలును, ఫ్రాన్సు దేశపు రంగుల శిల్పములును

చిత్రలేఖనపు తరగతిలో మేము తఱచుగా చూచెడు సంగతి యొకటి కలదు. తల్లి బొమ్మను గీయుడని చెప్పినచో పిల్లలు శ్రద్ధతో గీయుదురు. చీరకు మంచి రంగు నెన్నుకొందురు. జడకు నలుపు, బొట్టునకు ఎఱుపు వేయుదురు. కాని ముఖమునకు వచ్చునప్పటికి చేయి లేత గులాబిరంగు కణికను వెదకును. ఆ రంగు తల్లి ముఖమున లేదు, గీసిన బిడ్డ చేతిమీదను లేదు. ఏల అట్లు వేసితివని యడిగినచో, "బొమ్మ అందముగా నుండవలెను గదా, అయ్యగారూ" అని వచ్చును జవాబు.

ఈ జవాబును మేము పలుమాఱులు తలపోసితిమి. తెలుపే అందమనియు, తక్కిన రంగులు అందమునకు లోటనియు బిడ్డకు ఎవరును పాఠము చెప్పలేదు. అయినను ఆ పాఠము అబ్బినది. ఈ తలంపు ఒక ఊరిదికాదు, ఒక కాలమునది కాదు. ఐరోపాఖండమున నిది కొన్ని శతాబ్దులపాటు శిల్పకళకే శాసనముగా నుండెను. శిల్పమనగా తెల్లని చలువరాయియే యనియు, దానికి రంగు తగిలినచో కళ చెడుననియు పండితులు బోధించిరి. పందొమ్మిదవ శతాబ్దమున ఫ్రాన్సు దేశములో కొందఱు శిల్పు లా శాసనమును ధిక్కరించిరి. అంతకు ఆఱువందల యేండ్లకు పూర్వమే మన సీమ శిల్పులు తమ చేతిపనితో ఆ ప్రశ్నకు సమాధానము చెప్పి యుండిరి. ఈ వ్యాసమున మేము రెండు కథలను కలిపి చెప్పెదము.

పాలంపేట గుడిలోని రెండు రాళ్లు

బయ్యారపు పిల్లలకు కాకతీయుల పేరు క్రొత్తది కాదు. మన చెఱువు నొద్ద దొరకిన శాసనము గణపతిదేవ చక్రవర్తి సోదరియైన మైలమ వేయించినది. కాకతీయ వంశపు మూలపురుషుని పేరు వెన్నుడని తెలిపి, ఆ వంశక్రమమును వివరించుటచే చరిత్రకారులు దానిని ఎంతయో గౌరవింతురు. ఆ గణపతిదేవుని కాలముననే, ఆయన సేనానియైన రేచర్ల రుద్రుడు మనకు ఉత్తరమున, నేటి ములుగు జిల్లాలోని పాలంపేటయందు రుద్రేశ్వరాలయమును కట్టించెను. శాసనమును బట్టి దాని కాలము క్రీ. శ. 1213. జనులు దానిని రామప్ప గుడి యందురు. 2021వ సంవత్సరము జూలై మాసమున యునెస్కో వారు దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించిరి.

ఆ గుడిని చూడబోవు విద్యార్థి మొదట చూడవలసినది రూపములను కాదు, రాళ్లను. గోడలు ఎఱ్ఱని ఛాయగల ఇసుకరాతివి. స్తంభములును దూలములును గ్రానైటు, డోలరైటు అను గట్టి రాళ్లతో చేసినవి. విమానమును తేలికయైన ఇటుకలతో కట్టిరి. ఈ ఇటుకలు లోపల చిల్లులు గలవియై నీటిపై తేలుటచే ప్రసిద్ధికెక్కినవి.

ఇసుకరాతికి ఎఱుపు ఎక్కడినుండి వచ్చినది? నీటి అడుగున పేరుకొన్న ఇసుకరేణువులు కాలక్రమమున ఒకదానితో నొకటి అతుకుకొని రాయి యగును. ఆ అతుకులో ఇనుము ఉండి, అది ప్రాణవాయువుతో కలిసినచో త్రుప్పురంగు పుట్టును. ఇనుపరాయికి పేరుపొందిన బయ్యారములో నివసించు మనకు ఈ సంగతి వేఱుగా చెప్ప నక్కఱలేదు. మన దారులలోని ఎఱ్ఱమట్టికిని, గోడలకు పూసెడు జాజునకును, రామప్ప గుడి గోడలకును ఎఱుపు నిచ్చినది ఇనుమే. డోలరైటు పుట్టుక వేఱు. అది భూమి లోపల కరగి యున్న శిలాద్రవము పగుళ్లలోనికి చొచ్చి చల్లాఱి గడ్డకట్టినది. దానిలోని ఖనిజములు నల్లనివి, రేణువులు సన్ననివి, ఒకదానిలో నొకటి పెనవేసికొన్నవి. కావున అది మిక్కిలి కఠినమైనది. ఉలికి సులభముగా లొంగదు గాని, లొంగిన తరువాత సూక్ష్మమైన పనిని నిలుపుకొనును. సానబట్టినచో అద్దమువలె మెఱయును.

ఇప్పుడు కన్నులెత్తి చూరు క్రిందికి చూడుడు. బయటి స్తంభముల నుండి ఏటవాలుగా ముందునకు వంగి పండ్రెండు స్త్రీమూర్తులు నిలిచి యున్నవి. వీనిని మదనిక లందురు. ఒకతె పాదమునకు ఎత్తు మడమ గల పాదుక కలదు. ఒకతె చీరకొంగును కోతి లాగుచున్నది. నాగిని సర్పములను దాల్చి యున్నది. మెడలోని హారము దేహము నంటకుండ వ్రేలాడుచున్నట్లు, సందులలో వెలుతురు దూరునట్లు చెక్కిరి. ఈ మూర్తులన్నియు నల్లరాతివి.

శిల్పి వీనిని ఎఱ్ఱని ఇసుకరాతితో ఏల చెక్కలేదు? పనికి సంబంధించిన కారణము స్పష్టము. అంత సన్నని నడుమును, అంత పలుచని హారమును ఇసుకరాయి మోయలేదు, రాలిపోవును. కాని కంటికి సంబంధించిన ఫలముకూడ గలదు. ఎఱ్ఱని గోడలు వెనుకను, ఎండ ముందును ఉండగా, నల్లని మేనులు స్పష్టమైన గీతగా కనబడును. ఉదయమున ఒక మెఱుగు, మధ్యాహ్నమున నొక మెఱుగు వాని భుజములపై కదలును. ఇక్కడ ఎవరును కుంచె పట్టి రంగు వేయలేదు. రాయి తన పుట్టుకతో తెచ్చుకొన్న రంగునే శిల్పి వాడుకొనెను. ఆ కట్టడములో అత్యంత సుకుమారమైన, అత్యంత సుందరమైన పనిని అతడు నలుపునకే అప్పగించెను. ఈ ఒక్క మాటను విద్యార్థులు జ్ఞాపకముంచుకొన్నచో తక్కిన వ్యాసము సులభముగా బోధపడును.

తెలుపు ఎట్లు శుద్ధమైనది

ఇక ఐరోపాకు పోవుదము. ప్రాచీన గ్రీకులును రోమనులును తమ విగ్రహములకు రంగులు వేసెడివారు. జుట్టునకును, పెదవులకును, కన్నులకును, వస్త్రపు అంచులకును రంగు లుండెడివి. ఆథెన్సు పట్టణమున ఫిడియసు నిర్మించిన ఆథీనాదేవి మహావిగ్రహమునకు దేహము దంతముతోను, వస్త్రము బంగారముతోను చేసిరి. కాని ఆ విగ్రహము నిలువలేదు. తక్కిన చలువరాతి విగ్రహములు వేయియేండ్లకు పైగా మట్టిలోను, వానలోను, ఎండలోను పడియుండెను. రంగులు రాలిపోయినవి, రాయి మిగిలినది. తరువాతి కాలమువారు వానిని త్రవ్వి తీసినప్పుడు తెల్లగానే కనబడెను. అంటియున్న కొద్దిపాటి రంగును కొన్నిచోట్ల మట్టితోపాటు కడిగివేసిరి.

కావున కాలము చేసిన నష్టమును జనులు శిల్పి చేసిన నిర్ణయమని భ్రమించిరి. జర్మను పండితుడు వింకెల్మాను 1764లో ప్రాచీన కళాచరిత్రమును ప్రకటించి, సుందరమైన దేహము ఎంత తెల్లనిదైన నంత సుందరముగా నుండునని అభిప్రాయపడెను. ఆయన మహావిద్వాంసుడు, ఐరోపా కళాశాలలు చాలకాలము ఆయన మాటను పాటించెను. రంగుగల బొమ్మలు ఇంకను లేకపోలేదు. పల్లెటూరి చర్చీలలో కొయ్యతో చెక్కి రంగులు పూసిన పరిశుద్ధుల విగ్రహము లుండెను. సంతలలో మైనపు బొమ్మలును, పిల్లల ఆటబొమ్మలును ఉండెను. అందుచేతనే రంగు అనగా పామరుల రుచి యనియు, తెలుపు అనగా పండితుల రుచి యనియు భేదము స్థిరపడెను.

ఈ భేదమును మొదట కదలించినది ఫ్రెంచి పండితుడే. కాత్రమేర్ ద కాంసీ అను నతడు గ్రీకు దేశపు దంత స్వర్ణ విగ్రహములను గూర్చి 1814 ప్రాంతమున పెద్ద గ్రంథమును వెలువరించి, గ్రీకులు రంగును మిక్కిలి ప్రేమించిరని నిరూపింపబూనెను. పిమ్మట హిటోర్ఫు అను వాస్తుశిల్పి 1823-24 సంవత్సరములలో సిసిలీ ద్వీపమున కేగి, శిథిల దేవాలయములపై రంగుల జాడలను పరిశీలించి, ప్రాచీన దేవాలయములు రంగులతో వెలుగుచుండెనని వాదించెను. పండితులు రెండు పక్షములై చిరకాలము తర్కించిరి. 1855లో పారిసు నగరమున జరిగిన మహాప్రదర్శనములో సిమార్ అను శిల్పి, ఫిడియసు విగ్రహ మెట్లుండెనో ఊహించి, దంతముతోను లోహములతోను చేసిన ఆథీనా ప్రతిమను జనులకు చూపెను. చూచినవారు కొందఱు మెచ్చిరి, కొందఱు ముఖము చిట్లించిరి. వాదములో నెవరు గెలిచిరో నేడు మనకు తెలియును. సూక్ష్మదర్శినులతోను, అతినీలలోహిత కిరణములతోను పరీక్షించి, తెల్లగా కనబడు గ్రీకు విగ్రహములపై ఎఱుపు, నీలము, పసుపు రంగుల శేషములను శాస్త్రజ్ఞులు చూపియున్నారు.

కోర్డియే: నల్లని ముఖమునకు సింహాసనము

పండితుల వాదము పుస్తకములలో సాగుచుండగా, ఒక యువశిల్పి దానిని మనుష్యుల ముఖములయొద్దకు తెచ్చెను. షార్ల్ కోర్డియే 1827లో ఫ్రాన్సు ఉత్తర భాగమునందలి కాంబ్రే పట్టణమున జన్మించెను. ప్రసిద్ధ శిల్పియైన రూడునొద్ద పని నేర్చెను. ఇరువది యేండ్ల ప్రాయమున పారిసులో సెయిద్ ఎంకెస్ అను సూడాను దేశీయుని చూచి, అతని ముఖసౌందర్యమునకు ముగ్ధుడై, అతని భుజములవఱకు గల ప్రతిమను చేసెను. ఎంకెస్ పూర్వము బానిసగా నుండి విముక్తుడైనవాడు. ఆ ప్రతిమ 1848లో పారిసు వార్షిక కళాప్రదర్శనమున నిలిచెను. అదే సంవత్సరము ఏప్రిలు 27వ తేదీన ఫ్రాన్సు ప్రభుత్వము తన వలసరాజ్యములలో బానిసత్వమును రద్దుచేసెను. ఈ రెండు సంగతులు ఒకే వత్సరమున జరుగుట విద్యార్థులు గమనింపదగినది. 1851లో లండను మహాప్రదర్శనమున కోర్డియే చేసిన ఆఫ్రికా స్త్రీపురుషుల కంచు ప్రతిమలను చూచి విక్టోరియా రాణి వానిని కొనెను.

1856లో కోర్డియే ఆల్జీరియాకు పోయెను. ఆ దేశము 1830 నుండి ఫ్రెంచివారి వశమై యుండెను. రోమనుల కాలపు రాతిగనులు అక్కడ మరల తెఱువబడినవి. వానిలో ఆనిక్సు అను చారల చలువరాయి దొరకుచుండెను. నీటిలో కరగిన సున్నము పొరలుపొరలుగా పేరుకొని అయ్యెడు రాయి యిది. ఒక పొర తేనెరంగు, ఒక పొర పాలరంగు, ఒక పొర గోధుమరంగు. పలుచగా కోసినచో దీపకాంతి దానిగుండ ప్రసరించును. దానిని చూచిన కోర్డియేకు క్రొత్త యోచన కలిగెను. ముఖమును కంచుతో పోతపోసి, వస్త్రమును ఆనిక్సుతో చెక్కి, రెండింటిని కూర్చి ఒకే విగ్రహముగా చేసెను. కంచునకు ద్రావకములతో ముదురు ఛాయ తెచ్చుటయు, అవసరమైనచోట వెండిపూత బంగారుపూత వేయుటయు అతడెఱుగును. ఇట్లు చేసిన సూడాను పురుషుని ప్రతిమయు, 1861 నాటి "కాప్రెస్" అను వలసరాజ్యపు స్త్రీ ప్రతిమయు నేటికిని పారిసులోని ఓర్సే ప్రదర్శనశాలయందు కలవు.

ఇందలి కిటుకును రామప్ప గుడితో పోల్చి చూడుడు. కోర్డియే ముఖమునకు నల్లరంగు పూయలేదు. నల్లని లోహమును ముఖము చేసెను. చారల రాయిని చారల వస్త్రము చేసెను. పదార్థమే వర్ణము, వర్ణమే పదార్థము. మన శిల్పి చూరు క్రింద చేసినదియు నదియే. ఒకరి పని నొకరు ఎఱుగరు, నడుమ ఆఱువందల యేండ్లును సముద్రములును కలవు. అయినను చేతి వివేకము ఒక్కటియే.

కోర్డియే 1862లో పారిసు మానవశాస్త్ర సంఘము నెదుట మాటలాడుచు, సౌందర్యము ఒక్క జాతి సొత్తు కాదనియు, ప్రతి జాతికి తనదైన సౌందర్యము కలదనియు చెప్పెను. ఆ కాలమున అట్లు చెప్పుట సామాన్యము కాదు. అయితే గురువులమైన మేము అతని లోపమునుకూడ చెప్పవలెను. అతడు మనుష్యులను వ్యక్తులుగా గాక జాతికి నమూనాలుగా తఱచు చూచెను. ఎదుట కూర్చున్నవారిలో పెక్కుమంది పేర్లు నేటికి నిలువలేదు. "సూడాను పురుషుడు", "ఆల్జీరియా స్త్రీ" అను శీర్షికలు మాత్రము నిలిచినవి. సెయిద్ ఎంకెస్ పేరు మనకు తెలియుట మేలు. ముఖమునకు గౌరవ మిచ్చి పేరును మఱచుట సగము గౌరవమే.

మైనము, పట్టు, చలువరాయి

కోర్డియే తెఱచిన దారిని పలువురు నడచిరి. 1870 తరువాత గ్రీసు దేశములోని తనాగ్ర అను చోట సమాధులలో చిన్న మట్టిబొమ్మలు వందలకొలది బయల్పడెను. వానిపై రంగులు ఇంకను అంటియుండెను. గ్రీకుల రంగులను గూర్చిన వాదము ఇప్పుడు అరచేతిలో పట్టుకొని చూడదగిన వస్తువయ్యెను. జెరోమ్ అను చిత్రకారుడు ముసలితనమున శిల్పకళ నవలంబించి, 1890లో "తనాగ్ర" అను పేర చలువరాతి స్త్రీమూర్తిని ప్రదర్శించెను. ఆ మూర్తి మేనికి మానవదేహపు ఛాయ వచ్చునట్లు రంగు వేసెను. ఆ రంగు నేడు చాలవఱకు వెలిసిపోయినది. పూసిన రంగు కాలమునకు లోబడును; పుట్టిన రంగు నిలుచును. ఇది మన పాఠములో రెండవ సూత్రము.

డెగా అను చిత్రకారుడు ఇంకను ముందునకు పోయెను. 1881లో అతడు పదునాలుగేండ్ల నాట్యబాలిక బొమ్మను ప్రదర్శనమున నుంచెను. అది చలువరాయి కాదు, కంచు కాదు. రంగు కలిపిన మైనము. దానికి నిజమైన జుట్టును పట్టునాడాతో ముడివేసి, నిజమైన రవికెను, లంగాను, నాట్యపాదుకలను తొడిగెను. ఆ బాలిక మారీ వాన్ గోతెమ్ అను పేదయింటి బిడ్డ, పారిసు నాట్యశాలలో విద్యార్థిని. చూచినవారిలో పెక్కురు అసహ్యించుకొనిరి. మైనపు బొమ్మల కొట్టులోని వస్తువని ఎగతాళి చేసిరి. బాలిక ముఖము వికారమని వ్రాసిరి. తెల్లని చలువరాతిలో ఒక దేవతగా చెక్కి యుండినచో వారే ఆమెను మెచ్చియుందురేమో. నిజమైన రంగులో, నిజమైన బట్టలో, పేదబిడ్డగా నిలుచుటయే ఆమె నేరమయ్యెను. డెగా తన జీవితకాలమున దానిని మరల ప్రదర్శింపలేదు. 1917లో అతడు మరణించిన పిమ్మట దానినుండి కంచుబొమ్మలు పోసిరి. మూలమైన మైనపు బొమ్మ నేడు వాషింగ్టను జాతీయ చిత్రశాలలో గౌరవింపబడుచున్నది.

శతాబ్దాంతమున, 1899లో, బారియాస్ అను శిల్పి "ప్రకృతి విజ్ఞానము నెదుట తన ముసుగు తొలగించుట" అను మూర్తిని పూర్తిచేసెను. దేహము తెల్లని చలువరాయి. పైనున్న ముసుగు ఆల్జీరియా ఆనిక్సు. నడుమున పచ్చని మాలకైటు రాతి పురుగు ఒకటి వస్త్రమును పట్టియుండును. ఇందులో ప్రతి రాయికి ఒక పని, ప్రతి రంగునకు ఒక యర్థము కలదు.

ఈ ముసుగు మాట వినగానే హైదరాబాదు చూచిన విద్యార్థులకు సాలార్‌జంగు ప్రదర్శనశాలలోని రిబ్కా జ్ఞప్తికి వచ్చును. ఇటలీ శిల్పి బెంజోని చేసిన ఆ చలువరాతి మూర్తిని మొదటి సాలార్‌జంగు 1876లో రోములో కొనెను. ఆదికాండము 24వ అధ్యాయమున ఇస్సాకును చూచి రిబ్కా ముసుగు వేసికొనిన కథ మనము చదివినదే. అక్కడ ముసుగును, ముఖమును, చేతులును అన్నియు ఒకే తెల్లరాయి. రంగు లేకయే, కేవలము ఉలితో, పలుచని బట్ట చాటున ముఖమున్నట్లు శిల్పి భ్రమ కలిగించెను. అది అద్భుతమైన నేర్పు. తెల్లని శిల్పమును మేము నిందించుట లేదు. తెలుపు కూడ ఒక రంగే. అది ఒక్కటియే రంగు కాదని మాత్రము మా మాట.

మన ఇంటి రంగులు

ఐరోపాలో శాస్త్రవాదములతో మరల గెలుచుకొనవలసిన వర్ణము మన దేశమున ఎన్నడును పోలేదు. కృష్ణా తీరపు కొండపల్లిలో తెల్లపొణికి కొయ్యను ఆరబెట్టి, చెక్కి, ఱంపపుపొట్టును చింతగింజల బంకతో కలిపిన మక్కుతో అతుకులు పూడ్చి, సున్నపుపూత వేసి, పైన రంగులు దిద్దుదురు. మన పొరుగున చేర్యాలలో నకాషీ పనివారు ఆ మక్కుతోనే ముఖములు తయారుచేసి ఎఱుపు, పసుపు, నీలి రంగులు వేయుదురు. పటము విప్పి కథ చెప్పువారికి ఆ బొమ్మలు తోడుగా నిలిచినవి. ఇవి పిల్లల ఆటవస్తువులని తీసివేయరాదు. సున్నపుపూత ఏల వేయుదురు? కొయ్య రంగును పీల్చకుండుటకును, పైరంగు ప్రకాశించుటకును. ఆటబొమ్మ యందును అంత వివేకము గలదు.

అయితే రంగు ఎల్లచోట్ల మేలే అనుకొనుటయు పొరపాటు. రంగు రూపమునకు సేవ చేయవలెను, రూపమును మ్రింగివేయరాదు. కొన్ని ఊళ్లలో పాత రాతివిగ్రహములకు పండుగ పండుగకు దట్టమైన ఎనామిలు రంగులు వేయుట మేము చూచితిమి. భక్తి మంచిదే. కాని నాలుగు పూతలు పడునప్పటికి వ్రేళ్ల నడుమ సందులు పూడిపోవును. హారపు పూసలు ఒక్క ముద్దయగును. ముఖమున చిఱునవ్వు మాయమగును. ఒకప్పుడు ఆ రంగును తీయబోయి ఇసుకతోను, ఆమ్లములతోను రుద్దుదురు. అప్పుడు రాతి పొరయే ఊడును. గ్రీకు విగ్రహములకు రంగు కడిగివేసినవారు చేసిన తప్పును, రంగు మెత్తినవారు చేసెడు తప్పును రెండును ఒకే వేరునుండి పుట్టినవి. శిల్పి ఏమి తలచెనో విచారింపక మన యిష్టమును వాని పనిపై రుద్దుటయే ఆ వేరు.

విద్యార్థులకు

కావున రామప్ప గుడికి పోవునప్పుడు మూడు సంగతులు చేయుడని మా కోరిక. మొదటిది, మదనికలను చేతితో తాకకుడు; చేతి చమురు రాతికి హాని. రెండవది, ఉదయమున నొకమాఱు, ప్రొద్దు వాలినప్పుడు నొకమాఱు ఒకే మూర్తిని చూచి, నలుపు ఎన్ని నలుపులుగా మాఱునో వ్రాసికొనుడు. మూడవది, ఎఱ్ఱని గోడయును నల్లని మూర్తియును తారుమాఱైనచో ఎట్లుండునో ఊహించుడు. అప్పుడు శిల్పి యోచన మీకు బోధపడును.

తల్లిదండ్రులకు మా విన్నపము ఒక్కటి. బిడ్డ యెదుట "ఈ పిల్ల నలుపు" అని జాలితో చెప్పకుడు. బిడ్డ ఆ మాటను మఱువదు. రంగుకణికల పెట్టె తెఱచినప్పుడు ఆ మాటయే చేతిని నడపును.

ఈ వ్యాసము మొదట చెప్పిన తరగతికి మరల వత్తము. ఒకనాడు మేము గులాబి కణికలను ప్రక్కన పెట్టించి, పిల్లలను ఒకరి చేతి ప్రక్క నొకరు చేయి చాపుడంటిమి. ముప్పది చేతులలో రెండు చేతులు ఒక్క రంగున లేవు. పెట్టెలో ఏ ఒక్క కణికయు ఏ ఒక్క చేతికిని సరిపోలేదు. గోధుమరంగులో ఎఱుపు కలిపిరి, దానిపై పసుపు రుద్దిరి, కొందఱు కొంచెము నీలము చేర్చిరి. ఒక బాలిక బయటికి పోయి, వాకిట నున్న ఎఱ్ఱమట్టిని వ్రేలితో తెచ్చి కాగితముపై అద్ది చూచెను. ఆమె గీసిన తల్లి ముఖమున మన బయ్యారపు ఇనుము కలదు. ఆ ఇనుమే పాలంపేట గోడలలోను కలదు. ఆనాటి బొమ్మలలో అది మిక్కిలి అందమైనదని తరగతి యంతయు ఒప్పుకొనెను.